తెప్ప పిల్లాడి గొంతు

రాయదుర్గంలో మా ఆఫీసు పక్కన ఇంకో మేడకు పునాది తవ్వుతున్నారు. మొన్న మధ్యాహ్నం చిన్న జల్లు పడి వెలిశాక టీ తాగుదామని కిందికి దిగితే, నీలం రేకుల అడ్డుగోడ వెనక నుంచి అప్పుడే పగిలిన బండరాయి వాసన గుప్పున వచ్చింది. తడిసిన రాతిపొడి, అందులో అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు, అడుగున ఎక్కడో మట్టి చల్లదనం. నాతో వచ్చిన కుర్రవాళ్లు ముక్కులు మూసుకుని రోడ్డు దాటేశారు. నేను మాత్రం టీ చల్లారేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నాకు పదేళ్ల వయసు నుంచి తెలుసు.

తొంభయ్యో దశకం చివర్లో మేము తెనాలి నుంచి వచ్చి మాదాపూర్ వెనక ఒక కొత్త కాలనీలో అద్దెకు దిగాం. నాన్న భూగర్భ జలాల శాఖలో పనిచేసేవారు, చిన్నాపెద్దా అందరినీ అండీ అనే పిలిచేవారు. అద్దె తక్కువ, గాలి ఎక్కువ అని ఆయన ఆ చోటు ఎంచుకున్నారు. మా వీధి చివరి ఇల్లు దాటితే ఇక బండలే. ఎవరో తీరిగ్గా పేర్చి వెళ్లినట్టు ఒకదాని మీద ఒకటి, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, పొదల్లో నెమళ్ల అరుపులు. రోజూ పగలు పన్నెండింటికి ఎవరో దూరంగా ఈల వేసేవాడు, ఎర్రజెండా లేచేది, ఆ తర్వాత ఢాం అని ఒక బండ పేలేది. వంటింటి అలమరలో స్టీలు పళ్లాలు కాసేపు గలగలమనేవి. మొదటి వారమంతా అమ్మ పేలినప్పుడల్లా గుండె మీద చెయ్యి వేసుకుని, "ఏవండీ, ఈ ఊళ్లో రోజూ దీపావళేనా అండీ?" అని నాన్నను అడిగేది. రెండో నెలకల్లా ఆ చప్పుడు విని బియ్యం పొయ్యి మీద పెట్టడం అలవాటు చేసుకుంది. బండలకు అవతల గుండ్రటి అద్దాల మేడ ఒకటి అప్పుడప్పుడే లేచింది. సాయంత్రం ఎండ దాని మీద పడితే మా వీధి గోడలన్నీ తళతళమనేవి.

కాలనీకీ బండలకూ మధ్య పాత ఊరి గల్లీ ఒకటి ఉండేది. ఆ గల్లీ పిల్ల స్వరూప. మా తరగతే, నా బెంచీయే. వాళ్ల నాన్నకు ఎనిమిది బర్రెలు. మా ఇంటికి పాలు వాళ్లే పోసేవారు. వానాకాలం వస్తే వాళ్ల వాకిట్లో కుంపటి మీద మక్క కంకులు చిటపటలాడేవి. నేను 'మొక్కజొన్న పొత్తు' అన్నప్పుడల్లా స్వరూప పడీపడీ నవ్వేది. అమ్మ పూర్ణం బూరెలు చేసిన రోజు ఒక గిన్నె ఆ గల్లీకి వెళ్లేది. బతుకమ్మ పండుగకు అదే గిన్నెలో సజ్జరొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు తిరిగొచ్చేవి. బండల మీద సుద్దముక్కతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు వాన పడితే చెరిగిపోయేవి కాబట్టి, ప్రతి వాన తర్వాతా కొత్తగా గీసుకుని కొత్తగా పోట్లాడుకునేవాళ్లం.

స్వరూప వాళ్ల నాయనమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ బర్రెలతో మాట్లాడేది. ఊరికే మాట్లాడటం కాదు, బర్రెల తరఫున జవాబులు కూడా తనే చెప్పేది. ముసలి బర్రెకు ముక్కుతో సాగదీసే గొంతు, కొత్తగా ఈనినదానికి చిరాకు గొంతు, కొమ్ము విరిగినదానికి గర్వం గొంతు. ఆమె లోపలికి వెళ్లగానే స్వరూప అదే అరుగెక్కి మొత్తం నాటకం మళ్లీ ఆడేది. కళ్లు మూసుకుంటే ఎవరు నాయనమ్మో, ఎవరు మనవరాలో, ఏది బర్రో చెప్పలేకపోయేదాన్ని.

ఆదివారం ఉదయం టీవీలో ఒక జపాన్ బొమ్మల సీరియల్ హిందీలో వచ్చేది. ఏదో పాతకాలం నాటి బొమ్మలే. నీళ్లు కదిలినా ఆకులు కదలవు, మాట్లాడేవాడి నోరు తప్ప మొహంలో ఇంకేమీ కదలదు. అయినా మా కాలనీ పిల్లలంతా ఆ అరగంట ఊపిరి బిగబట్టేవాళ్లం. కొండల్లో ఒక పల్లె. ఆ పల్లె గంటను నది చివర కోటలో ఉండే దొర ఎత్తుకుపోతాడు. తెప్ప నడిపే పిల్లాడు దాన్ని తిరిగి తేవడానికి బయలుదేరతాడు. తెప్ప మీద వాడికి తోడు ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్న ఒక అవ్వ. హిందీలో ఆ పిల్లాడి గొంతు పంచదార పాకంలా ఉండేది, దొర గొంతు డ్రమ్ములో రాళ్లు దొర్లించినట్టు ఉండేది. దొర కనబడగానే ముందు నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకపోయినా మేము భయపడేవాళ్లం.

తెనాలి నుంచి వచ్చిన నాకు హిందీ ఒక్క ముక్క వచ్చేది కాదు. గల్లీలో ఉర్దూ వింటూ పెరిగిన స్వరూపకు మొత్తం అర్థమయ్యేది. నా చెవి దగ్గర నోరు పెట్టి ప్రతి మాటా చెప్పేది. "ఇగ చూడు, గంట ఏడ వెట్టిన్రో వానికి ఎరుకైంది... అవ్వ అంటుంది, ఆగురా, తిని పోదాం అని..." ఒక మాట ఆలస్యంగా, బొమ్మలో నోరు మూతపడ్డాక నాకు మాట వినబడేది. అలా ఆ కథ నిజానికి నేను విన్నది స్వరూప గొంతులోనే. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు. తోచి ఉంటే తర్వాత జరిగిన తగవు జరిగేది కాదు.

ఆ ఏడు వినాయక చవితికి కాలనీ పందిట్లో రోజూ సాయంత్రం పిల్లల కార్యక్రమాలు పెట్టారు. అందరూ డాన్సులు అన్నారు. నాకు ఒక ఉపాయం తట్టింది. ఆ సీరియల్‌లో కోట గుమ్మం దగ్గర గంట కోసం జరిగే వాదన ఉన్న భాగాన్ని మా వీసీఆర్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాం. పందిట్లో టీవీ పెట్టి, సౌండు పూర్తిగా తగ్గించి, మేమే మైకులో తెలుగులో మాట్లాడితే? నాన్న సరేనన్నారు, పందిరి పెద్దలు సరేనన్నారు. నేను తెల్లకాగితాల నోటుబుక్కు తెచ్చి, రెండు రోజులు కూర్చుని మాటలన్నీ రాసేశాను. పిల్లాడి మాటలు పాఠ్యపుస్తకంలోలా రాసుకున్నాను, ఆ పాత్ర నాకే ఉంచుకున్నాను. గొంతు వణికిస్తే చాలు కదా అని అవ్వ పాత్ర కూడా నేనే తీసుకున్నాను. దొర పాత్ర స్వరూపకు ఇచ్చాను. దొర మాటలన్నీ వాళ్ల యాసలో రాశాను. అలా రాస్తే జనం నవ్వుతారని నాకు గట్టి నమ్మకం.

స్వరూప నోటుబుక్కు చేతిలోకి తీసుకుని రెండు పేజీలు చదివింది. మా మెట్ల మీద కూర్చున్నాం. ఆమె మొహంలో నవ్వు నెమ్మదిగా పోయింది.

"గాయన దొంగ గదా. మరి మా లెక్క ఎందుకు మాట్లాడుతుండు?"

"నువ్వు బాగా చేస్తావని ఇచ్చానే. నవ్వొస్తుంది కదా!"

"ఎవలికి నవ్వొస్తది? మా నాయనమ్మ వచ్చి ముందట కూసుంటది. ఆమెకు వస్తదా నవ్వు?" నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి లేచింది. "సిన్మాల గూడ గంతేనాయె. రౌడీది మా మాట, హీరోది మీ మాట. నేనైతే జెయ్య, పో."

ఆమె గేటు తీసుకుని వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది. సరదాకి రాసినదాన్ని ఇంత చేస్తుందేమిటి అనుకున్నాను. మర్నాడు స్వరూప వేరే బెంచీలో కూర్చుంది. ఆదివారం సీరియల్‌కు మా ఇంటికి రాలేదు. నేను ఒక్కదాన్నే టీవీ ముందు కూర్చున్నాను. పిల్లాడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. నా చెవి దగ్గర ఎవరూ లేరు. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. అరగంట అయ్యాక వెళ్లి వంటింట్లో అమ్మ పక్కన నిలబడ్డాను. "ఏమ్మా ఉషా, కథ అప్పుడే అయిపోయిందా?" అని అడిగితే ఏడుపొచ్చింది.

మా పైవాటాలో సుందరం గారని బందరు ఆయన ఉండేవారు. కంప్యూటర్ కంపెనీ పని మీద జపాన్ వెళ్లి ఎనిమిది నెలలు ఉండి వచ్చారు. ఆ భాష మర్చిపోకుండా ఉండటానికి అక్కడి నుంచి కొన్ని వీడియో క్యాసెట్లు తెచ్చుకున్నారు. మేము చెయ్యబోయే ప్రదర్శన సంగతి నాన్న చెబితే ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశారు. "అదే సీరియల్ అసలు భాషలో నా దగ్గరుందండీ! పిల్లల్ని పంపండి" అన్నారు. కాలనీ పిల్లలం అయిదారుగురం పైకి వెళ్లాం. స్వరూప కూడా వచ్చింది. నాకు దూరంగా, తలుపు పక్కన కూర్చుంది.

జపాన్ క్యాసెట్టు మన వీసీఆర్‌కు పూర్తిగా కుదరలేదు. రంగులు లేకుండా, బొమ్మ నిలవకుండా పైకీ కిందికీ దొర్లుతూ వచ్చింది. చూడటానికి ఏమీ లేక మేము వినడం మొదలుపెట్టాం. అదే కోట గుమ్మం, అదే వాదన. కానీ మనుషులు వేరు. పిల్లాడి గొంతులో పాకం లేదు. బొంగురుగా, గరుకుగా, చలిలో అరిచి అరిచి జీరబోయినట్టు ఉంది. దొర అసలు నవ్వనే లేదు. మెల్లగా, మెత్తగా, నిద్రపోతున్న పసివాడి పక్కన మాట్లాడినట్టు మాట్లాడాడు. హిందీలో దొర అరిస్తే ఉలిక్కిపడి నవ్వుకునేవాళ్లం. ఇక్కడ వాడు గుసగుసలాడుతుంటే మాలో ఒకడు వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాడు. గంట ఇవ్వనని దొర చెప్పాక హిందీ పిల్లాడు బోలెడు మాట్లాడి ఏడ్చేవాడు. ఇక్కడ పిల్లాడు ఏమీ అనలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒక్కటి, తర్వాత తెప్పకు నీళ్లు తగిలే చప్పుడు. అంతే. ఎక్కడ మాట లేదో అక్కడంతా హిందీవాళ్లు మాటలు నింపేశారని అప్పుడే తెలిసింది.

సుందరం గారు క్యాసెట్టు ఆపారు. "ఈ పిల్లాడికి గొంతిచ్చింది ఎవరనుకుంటున్నారు? మీ అమ్మల వయసున్న ఒకావిడ" అన్నారు. మేము నమ్మలేదు. ఆయన క్యాసెట్టు అట్ట తెచ్చి అక్షరాలు చదివి మరీ చూపించారు. "ఇంకో సంగతి. వీడు మాట్లాడేది పట్నం భాష కాదు. కొండల్లో పల్లెవాళ్ల యాస. ఆఫీసులో ఈ మాటలు వాడి ఒకసారి నవ్వులపాలయ్యాను. కానీ ఆ దేశం పిల్లలంతా వీడినే హీరో అన్నారు."

"మరి దొర?" తలుపు పక్క నుంచి స్వరూప అడిగింది.

"దొర మాట మహా మర్యాదమ్మా. గారు మీద గారు, అండీ మీద అండీ. 'తమరికి శ్రమ ఇచ్చాను, మన్నించండి' అంటూనే గంట ఎత్తుకుపోతాడు."

స్వరూప చేత్తో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు బయటికి వచ్చేసింది. "అంటే ఉష వాళ్ల నాన్న లెక్కనా, అంకుల్?"

అందరూ గొల్లున నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ నా చెవులు కాలిపోతున్నాయి. మా మాటను దొంగకు అంటగట్టడం ఎలా ఉంటుందో ఒక్క క్షణం రుచి చూశాను. ఆ ఒక్క క్షణం నాకు అంత చురుక్కుమంటే, సినిమా చూసిన ప్రతిసారీ స్వరూపకు ఎలా ఉండి ఉంటుంది?

ఆ సాయంత్రం నోటుబుక్కు తీసుకుని గల్లీకి వెళ్లాను. పాలు పితికే వేళ. స్వరూప బర్రె దగ్గర గడ్డి వేస్తోంది. ఏం చెప్పాలో దారిపొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, "తప్పయిపోయింది. పిల్లాడు నువ్వే. దొర నేను" అన్నాను.

ఆమె గడ్డి వేయడం ఆపలేదు. "అండీ అండీ అని నువ్వే అంటవా?"

"నేనే అంటాను."

"మీ నాయిన ముందట?"

"ముందు వరసలోనే కూర్చుంటారు. అంటాను" అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగింది. నేను నోటుబుక్కు, పెన్సిలూ ఇవ్వబోతే తీసుకోలేదు. "రాసుడెందుకే? మాట్లాడ్త" అంది.

ప్రదర్శన రోజు పందిరి నిండిపోయింది. ముందు కుర్చీల్లో కాలనీవాళ్లు, పక్కన పరిచిన జంపఖానాల మీద గల్లీవాళ్లు. ఉండ్రాళ్ల ఆవిరి, అగరొత్తుల పొగ, తడిసిన టార్పాలిన్ వాసన. టీవీని బల్ల మీద బల్ల వేసి ఎత్తుగా పెట్టారు. మేమిద్దరం పక్కన ఒకే మైకు ముందు నిలబడ్డాం. నా చేతిలో కాగితాలు ఉన్నాయి. స్వరూప చేతులు ఖాళీ.

"ఏవండీ, తెప్ప అబ్బాయి గారూ! తమరు ఇంత దూరం శ్రమపడి వచ్చినందుకు మహా సంతోషమండీ. గంట మాత్రం ఇచ్చేది లేదండీ" అన్నాను మెత్తగా.

కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. స్వరూప తన నాయనమ్మ గొంతులోని బొంగురు కొంచెం అరువు తెచ్చుకుని మైకు మీదికి వంగింది. "ఇయ్యకుంటే ఎట్ల? అది మా ఊరి గంట. పొద్దుగాల అది మోగకుంటే మా ఊళ్లె కోళ్లు గూడ లేవయి!"

జంపఖానాల మీద నుంచి ఈలలు, చప్పట్లు. అలాంటి చప్పట్లు ఆ పందిట్లో అంతకుముందు ఎవరికీ పడలేదు. గల్లీవాళ్లు ఒకరినొకరు తట్టుకుంటూ ముందుకు జరిగారు. బొమ్మలో పిల్లాడి నోరు ఎప్పుడు తెరుచుకుంటే స్వరూప మాట అప్పుడే అందేది. నా మాటలే ఒక్కోసారి వెనకబడేవి.

సరిగ్గా తెప్ప సుడిలో పడే చోట కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. మైకు సెట్టు బ్యాటరీ మీద నడిచేది కాబట్టి మైకు మాత్రం పనిచేస్తూనే ఉంది. కానీ చీకట్లో నా కాగితాలు కనబడలేదు. అవ్వగా నేను మాట్లాడవలసిన చోటు. ఒక్క మాట గుర్తు రాలేదు. నా ఊపిరి చప్పుడే పందిరంతా వినబడుతోంది. ఎవరో కుర్చీ జరిపి లేవబోయారు. అయిపోయింది, అందరూ వెళ్లిపోతారు అనుకున్నాను.

అప్పుడు జంపఖానాల మీద నుంచి, మైకు అక్కరలేని గొంతు ఒకటి వచ్చింది. "ఏందిరా పోరగా? కరెంటు పోతే నీ నోరు గూడ పోయిందా? తెడ్డు ఎయ్యి!"

స్వరూప నాయనమ్మ.

స్వరూప ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఏస్తున్న అవ్వా! జర ఆగు. నీళ్లు గుంజుతున్నయి!"

"గుంజితే గుంజనియ్యి. గట్టిగ పట్టు. గా దొరగాడు ఏడ వోయిండు?"

దొరగాడు నేనే. స్వరూప మోచేత్తో నా డొక్కలో పొడిచింది. నోరు తెరిచాను. కాగితంలో లేని మాట వచ్చింది. "ఇక్కడే ఉన్నానండీ, అవ్వగారూ! తమరు కాస్త నెమ్మదిగా తిడితే బాగుంటుందండీ!"

నవ్వులతో పందిరి ఊగింది. ఆ తర్వాత కథ ఎటు పోయిందో మాకే తెలియదు. సుడిలోంచి తెప్ప బయటపడింది. అవ్వ దొరకు చిక్కుడు గింజలు ఒలిచే పని చెప్పింది. దొర "అలాగేనండీ" అంటూ కూర్చుని ఒలిచాడు. మధ్యలో కరెంటు వచ్చి టీవీ తెరంతా చుక్కలతో గుర్రుమంటే, వెనక నుంచి ఎవరో, "అది బందు చెయ్యిర్రి! పోరలను చెప్పనియ్యుర్రి!" అని అరిచారు. ముందు కుర్చీలోంచి నాన్నే లేచి వెళ్లి టీవీ ఆపేశారు.

ఇంటికి వచ్చాక నాన్న చొక్కా గుండీలు విప్పుకుంటూ అడిగారు: "ఏమ్మా, నేను అలా మాట్లాడతానా?" వంటింట్లోంచి అమ్మ జవాబు చెప్పింది: "అచ్చం అలాగేనండీ." నాన్న తమరు, శ్రమ అని రెండుసార్లు పైకి అనుకుని చూసుకుని, విరగబడి నవ్వారు. మర్నాడు పొద్దున పాలు పోయడానికి వచ్చిన స్వరూప వాళ్ల నాన్నతో ఆయనే ముందుగా, "ఏవండీ, మా దొర ఎలా చేసిందండీ?" అన్నారు. "మంచిగ చేసింది సారూ, జర భయపడ్డది గంతే" అన్నాడాయన.

ఇప్పుడు ఆ గల్లీ లేదు. దాని మీదుగా నాలుగు వరసల రోడ్డు వెళ్తోంది. కాలనీ ఇళ్లు చాలావరకు హాస్టళ్లయ్యాయి. నాయనమ్మ పోయి చాలా కాలమైంది. సుందరం గారు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. మా ప్రదర్శనను ఎవరూ రికార్డు చెయ్యలేదు. మా అమ్మాయి ఫోనులో జపాన్ బొమ్మలు చూస్తుంది. వేలితో నొక్కితే జపాను భాష, ఇంకోసారి నొక్కితే హిందీ, మరోసారి నొక్కితే తెలుగు. తెలుగు నొక్కినప్పుడు నేనూ చెవి పెడతాను. గొంతులు చాలా బాగుంటాయి, ఎక్కడా తడబాటు ఉండదు. కానీ ఆ తెలుగు మాట్లాడేవాళ్లది ఏ ఊరో ఎంత విన్నా చెప్పలేను. మా అమ్మాయి మాటలో కూడా తెనాలి లేదు, ఆ గల్లీ లేదు. రెంటికీ నేనే కారణం కావచ్చు.

స్వరూప కోకాపేటలో పద్నాలుగో అంతస్తులో ఉంటుంది, బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. మొన్న ఆదివారం ఫోను చేస్తే గంటసేపు మాట్లాడుకున్నాం. పెట్టేశాక చూస్తే మా అమ్మాయి నన్నే వింతగా చూస్తోంది.

"అమ్మా, స్వరూప ఆంటీతో మాట్లాడేటప్పుడు నువ్వు వేరే మనిషిలా ఉంటావేంటి?"

"ఎట్ల ఉంటనే?" అన్నాను.

అది పగలబడి నవ్వాకగానీ నేనేమన్నానో నాకు వినబడలేదు.